డ్యూటీ చార్టు దగ్గర మొదలయ్యే వైద్యం

ఏటా మే 12న, ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజున, మన ఆసుపత్రులన్నిటిలో నర్సుల దినోత్సవం జరుగుతుంది. కొవ్వొత్తులు వెలిగిస్తారు, శాలువాలు కప్పుతారు. త్యాగం, సేవ అనే మాటలు మైకులో పదే పదే వినిపిస్తాయి. వేదిక దిగిన అమ్మాయి గబగబా రెండు ముద్దలు తిని మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తుంది. అక్కడ యాభైమంది రోగులుంటారు, వాళ్ళకి ఇద్దరు నర్సులు. త్యాగం ఎంత గొప్పదైనా కానివ్వండి, ఆ యాభైమందినీ ఇద్దరూ సరిగా చూసుకోలేరు. ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో పనిచేసి, ఆ తర్వాత నర్సింగ్ సూపరింటెండెంటుగా ఏళ్ళ తరబడి డ్యూటీ చార్టులు రాసినదాన్ని నేను. ఇవాళ మా వాళ్ళ అలసట గురించి, దానికి ఏం చేయవచ్చో దాని గురించి మీతో మాట్లాడతాను. వైద్యరంగంలో ఈ అలసటను బర్నౌట్ అంటున్నారు.

డ్యూటీ చేస్తే ఎవరికైనా కాళ్ళు పీకుతాయి, నడుము పట్టేస్తుంది. ఇంటికెళ్ళి వేడినీళ్ళు పోసుకొని, కడుపునిండా తిని నిద్రపోతే తెల్లారేసరికి మనిషి మళ్ళీ మామూలవుతుంది. బర్నౌట్‌లో ఆ తేరుకోవడం ఉండదు. ఆఫ్ రోజు పొద్దస్తమానం పడుకున్నా సరే, రేపు డ్యూటీ ఉందన్న తలపు రాగానే కడుపులో తిప్పుతుంది. వేసవిలో ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుంటాం కదా, ఊట ఊరే వ్యవధి ఇస్తే అది వీధి వీధికీ నీళ్ళిస్తుంది. ఆగకుండా తోడుతూ పోతే చెంబులోకి ఇసుకే వస్తుంది. నర్సు మనసూ అంతే.

ఈ స్థితిని 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త, న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో తనతోపాటు పనిచేసేవాళ్ళలో గమనించి రాశారు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. ఆమె చెప్పిన లక్షణాలు మూడు. మనసులో ఇక ఇవ్వడానికి ఏమీ మిగలకపోవడం, ఎదుటి మనిషి మనిషిగా కనిపించకపోవడం, నేనేం చేసినా ఒకటేలే అనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన వర్గీకరణలో చేర్చుతూ ఇది జబ్బు కాదనీ, ఉద్యోగానికి సంబంధించిన స్థితి అనీ స్పష్టంగా రాసింది. వార్డు ఇన్‌ఛార్జిలందరూ ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అమ్మాయి వాడిపోయిందంటే ముందు చూడాల్సింది ఆమె చేస్తున్న ఉద్యోగం ఎలా నడుస్తోందో.

ఆ మూడు లక్షణాల్లో రెండోదాన్ని జనం త్వరగా గమనిస్తారు, త్వరగా తప్పుపడతారు. ‘ఆ సిస్టరమ్మ కసురుకుంటుందండీ’ అంటారు. కొత్తగా చేరినప్పుడు ఆ అమ్మాయే ‘మామ్మగారూ, చెయ్యి ఇలా ఇవ్వండి’ అంటూ పలకరించి సూది పొడిచింది. మూడేళ్ళు తిరిగేసరికి ‘పదమూడో బెడ్డు, చెయ్యి’ అంటోంది. 1950ల చివర లండన్‌లో ఒక పెద్ద బోధనాసుపత్రిని పరిశీలించిన ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలు ఇదే సంగతి పట్టుకున్నారు. అక్కడి నర్సులు రోగుల్ని బెడ్డు నంబరుతోనో, జబ్బు పేరుతోనో పిలిచేవారు. బాధను రోజూ అంత దగ్గరగా చూసేవాళ్ళు తమను తాము కాపాడుకోవడానికి అలా దూరం జరుగుతారనీ, ఆసుపత్రి పద్ధతులే ఆ దూరాన్ని పెంచి పోషిస్తాయనీ ఆమె 1960లో రాశారు. ఆ రాతను నేను నమ్ముతాను. కసురుకునే నర్సు గుండె మొదటినుంచీ రాయి కాదు. నలభైమంది బాధను ఒక్కసారిగా మోయలేక ఆమె వెనక్కి జరిగింది. రోగికి ఆ కసురు న్యాయం కాదు, అదీ నిజమే. అందుకే దాని మూలం ఎక్కడుందో చూడాలి.

మూలం ముందుగా సంఖ్యలో ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల్లో లిండా ఐకెన్ బృందం చేసిన పరిశోధన 2002లో వెలువడింది. పదివేలమందికి పైగా నర్సుల్ని అడిగారు, శస్త్రచికిత్స జరిగిన రెండు లక్షలమందికి పైగా రోగుల రికార్డులు చూశారు. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ నర్సుకు బర్నౌట్ వచ్చే అవకాశం 23 శాతం పెరిగింది. ముప్పై రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. ఈ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నర్సు అలిసిపోవడమూ, రోగి ప్రాణం మీదికి రావడమూ ఒకే కారణం నుంచి వస్తున్నాయి. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలుపెట్టింది. మామూలు వార్డుల్లో ఒక నర్సుకు ఆరుగురు రోగుల్ని మించకూడదన్నారు, మరుసటి ఏడే దాన్ని ఐదుగురికి తగ్గించారు.

మన దేశంలో చాలాకాలంగా చెప్పుకునే లెక్క జనరల్ వార్డులో మూడు పడకలకు ఒక నర్సు. మూడు డ్యూటీలకూ పంచితే ఒక్కో డ్యూటీలో తొమ్మిదిమందికి ఒకరు. ఐసియులో ఒక రోగికి ఒకరు. దానికి తోడు సెలవుల కోసం 30 శాతం అదనపు నియామకాలు. వర్షాకాలంలో జ్వరాల వార్డుకి వెళ్ళి చూడండి. మంచాలు నిండి, మంచానికిద్దరై, వరండాలో చాపలు పరిచి ఉంటారు. తొమ్మిదిమంది లెక్క అక్కడ ఎవరికి గుర్తుంటుంది?

ఆ 30 శాతం అదనం గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎందుకంటే నా అనుభవంలో వార్డులో మనుషుల మధ్య చిచ్చుపెట్టేది అదే. వందమంది నర్సులతో నడిచే ఆసుపత్రిలో నూటముప్పైమందిని నియమిస్తే ఒకరు కాన్పుకు వెళ్ళినా, ఒకరికి జ్వరం వచ్చినా, ఇంకొకరి ఇంట్లో పెళ్ళయినా వార్డు ఆగదు. ఖాళీలు భర్తీ కాకపోతే మొట్టమొదట హరించుకుపోయేది ఈ అదనమే. అప్పుడు ఒకరి సెలవు ఇంకొకరి మెడకు చుట్టుకుంటుంది. ‘నువ్వు ఊరెళ్తే నా ఆఫ్ పోయింది’ అంటుంది పక్క అమ్మాయి. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. బాలింత సెలవు పెట్టిన పిల్లను కూడా తోటివాళ్ళు ఓరకంట చూసే పరిస్థితి వస్తుంది. ప్రసూతి సెలవు 26 వారాలని 2017లో చట్టం పెంచితే సంతోషించాం. ఆమె చోటులో పనిచేసే మనిషిని ఇవ్వకపోతే ఆ భారమంతా మిగిలిన ఆడపిల్లల మీదే పడుతుంది. సెలవు అడగడమే తప్పనిపించే వార్డులో ఎవరు మాత్రం తేరుకుంటారు?

నియామకాలు ప్రభుత్వం చేతిలో, యాజమాన్యం చేతిలో ఉంటాయి. వాటికోసం గట్టిగా అడుగుతూనే ఉండాలి. అయితే పైసా ఖర్చులేకుండా రేపే మార్చగలిగిన కాగితం ఒకటి ప్రతి వార్డులోనూ గోడకు వేలాడుతోంది. అదే డ్యూటీ చార్టు. మందులూ యోగా శిబిరాలూ తర్వాత, ముందు ఆ కాగితాన్ని సరిచేయమంటాను.

చార్టు కనీసం రెండు వారాల ముందు గోడెక్కాలి. రేపటి డ్యూటీ ఇవాళ సాయంత్రం ఫోనులో తెలిస్తే పిల్లల పరీక్షలు, మామగారి డాక్టరు అపాయింట్‌మెంటు, కరెంటు బిల్లు, ఏదీ తన చేతిలో ఉండదు. తన రోజు తన చేతిలో లేదన్న భావనే మనిషిని లోపలినుంచి తినేస్తుంది. డ్యూటీలు మార్చేటప్పుడు పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి, అలా ముందుకు జరిపితే ఒంటికి సులువు. మధ్యాహ్నం డ్యూటీ రాత్రి ఎనిమిదికి దిగి, ఇంటికి చేరి, గిన్నెలు కడిగి, మర్నాడు పొద్దున ఎనిమిదికి మళ్ళీ వార్డులో ఉండమంటే నిద్రకు మిగిలేది ఎంత? ఐరోపా దేశాల్లో రెండు పనివేళల మధ్య 11 గంటల విరామం ఇవ్వాలన్న నియమం ఉంది. పని అప్పగింతా ప్రయాణమూ పోను ఆ పదకొండు గంటలూ మిగలాలని మనమూ వార్డు గోడ మీద రాసుకోవచ్చు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది నైటు దిగిన రోజును ఆఫ్‌గా లెక్కగట్టడం. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పనిచేసిన మనిషి, తర్వాతివాళ్ళకు పని అప్పగించే హ్యాండోవర్ ముగించి తొమ్మిదింటికి బస్సెక్కితే, ఆ రోజు ఆమెకు సెలవని చార్టులో రాస్తారు. అది సెలవు కాదు, నిన్నటి పనికి చెల్లించాల్సిన నిద్ర. రాత్రులు వరుసగా చేసినవాళ్ళకు ఆ నిద్ర తర్వాత కనీసం రెండు పూర్తి రోజులు ఉండాలి.

పండగల సంగతి కూడా చార్టులోనే ఉంది. సంక్రాంతికి, రంజానుకి, క్రిస్మస్‌కి కిందటేడు ఎవరు డ్యూటీ చేశారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే ఈ ఏడు ఎవరికి ఇవ్వాలో తగువుండదు. కొత్తగా చేరిన పిల్లను ఒంటరిగా నైటుకు వేయకూడదు. కాలిన గాయాల వార్డు, క్యాన్సరు వార్డు, పసిపిల్లల ఐసియు, ఇలాంటి చోట్ల ఉన్నవాళ్ళను కొన్ని నెలలకొకసారి అడిగి మార్చాలి. ‘అడిగి’ అన్నది ముఖ్యం. కొందరికి అదే వార్డు ప్రాణం, అక్కడినుంచి తీసేస్తే కుంగిపోతారు. ‘మాట వినకపోతే క్యాజువాల్టీకి వేస్తాను’ అని బెదిరించే అలవాటు మాత్రం పూర్తిగా పోవాలి. పోస్టింగును శిక్షగా వాడిన రోజునుంచి అక్కడ పనిచేసే ప్రతి మనిషీ తాను శిక్ష అనుభవిస్తున్నాననే అనుకుంటుంది.

ఇక రాత్రి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఒంటి వేడి తగ్గి, మెదడు నిద్రకే మొగ్గుతుంది. అది ఎవరి సంకల్పబలానికీ లొంగదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితనానికి సమానమవుతుంది. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు ఒప్పుకునే హద్దు 0.03 శాతం. పొద్దున్నే ఆరింటికి లేచి, క్యారేజీలు కట్టి, పగలు నడుం వాల్చడానికి వీలులేక, రాత్రి డ్యూటీకొచ్చిన నర్సు తెల్లవారుజామున నాలుగింటికి 22 గంటలు మేలుకొని ఉంటుంది. ఆ సమయంలోనే ఆమె ఇన్సులిన్ లెక్కకట్టాలి, పొటాషియం క్లోరైడు కలపాలి. ఇద్దరున్న చోట ఒకరి తర్వాత ఒకరు ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకోనివ్వాలి. దొంగచాటుగా కాదు, చార్టులోనే రాసి. ప్రమాదకరమైన ఇంజెక్షన్లను ఆ వేళలో ఇద్దరూ కలిసి సరిచూసుకోవాలి. నైటు దిగి స్కూటీ మీద ఇంటికెళ్ళే అమ్మాయిలకు నేనొకటే చెప్పేదాన్ని: కళ్ళు మూతలు పడుతుంటే ఆ స్కూటీ ఆసుపత్రిలోనే ఉంచు, ఆటోలో వెళ్ళు.

నిద్ర చాలనందువల్ల వచ్చే అలసట ఇది. ఇంకో రకం ఉంది, దాని గురించి మా వాళ్ళు నోరు విప్పరు. రోగి పోతాడు. పదిరోజులు ఒళ్ళు తుడిచి, గంజి తాగించి, పేరుపెట్టి పిలిచిన మనిషి. కళ్ళు మూసి, గొట్టాలు తీసి, గుడ్డ కప్పి, కేస్ షీట్ ముగించేలోపే అదే మంచానికి కొత్త కేసు వస్తుంది. ఏడవడానికి వ్యవధి లేదు, ఏడిస్తే ‘ఇంత సున్నితమైతే ఈ ఉద్యోగమెందుకు’ అంటారు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు ఒక చిన్న పద్ధతి తెచ్చారు. మరణం తర్వాత డాక్టర్లు, నర్సులు, అక్కడున్న అందరూ ఆ మంచం చుట్టూ కాసేపు మౌనంగా నిలబడతారు. పోయిన మనిషికోసం, ఆ మనిషికోసం తాము పడిన శ్రమకోసం. దీనికి బడ్జెట్టు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. 2020, 2021ల్లో కరోనా వార్డుల్లో ఒక్క రాత్రిలోనే ఎన్ని మరణాలు చూశారో, ఆ లెక్క ఇప్పటికీ మనసుల్లో దింపుకోని నర్సులు మన మధ్యే ఉన్నారు. హైదరాబాదు గాంధీ ఆసుపత్రి పూర్తిగా కరోనాకే కేటాయించిన ఆ రోజుల్లో, పీపీఈ కిట్టు విప్పితే మళ్ళీ దొరకదని దాహమైనా నీళ్ళు తాగకుండా గడిపిన నర్సులు రాష్ట్రమంతటా ఉన్నారు. వాళ్ళను ఎవరైనా కూర్చోబెట్టి, ‘ఎలా ఉన్నావమ్మా’ అని అడిగారా? ఇప్పుడడిగినా ఆలస్యం కాలేదు.

చేయి చేసుకునేవాళ్ళ గురించి కూడా చెప్పాలి. రోగి పరిస్థితి విషమిస్తే డాక్టరు మీద కోపం ముందుగా దగ్గర్లో ఉన్న నర్సు మీద పడుతుంది. ఆసుపత్రుల్లో దాడులను అరికట్టడానికి మనకు 2008 నాటి చట్టముంది, అది నర్సులకూ వర్తిస్తుంది, ఆ నేరం నాన్‌బెయిలబుల్. కేసు పెట్టాల్సిన భారం దెబ్బతిన్న అమ్మాయి మీద వదిలేయకుండా ఆసుపత్రే ఫిర్యాదు చేయాలి. ఆ రోజు ఆమెను ఇంటికి పంపాలి, మర్నాడు అదే వార్డుకి వెళ్ళగలదా అని అడగాలి.

ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే నర్సుల కష్టానికి ఇంకో ముడి ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో ఏర్పడిన కేంద్ర కమిటీ, యాభై పడకల్లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ, రెండువందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. సెలవులు, పనిగంటలు కూడా ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలంది. అది కాగితం మీదే ఉండిపోయిన చోట్లు ఎన్నో. అప్పుచేసి బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్ల చాలీచాలని జీతానికి పన్నెండు గంటలు నిలబడి, పైగా బిల్లు కట్టలేని రోగిని పంపించేయడం కళ్ళారా చూడాలి. చేయాల్సింది ఏమిటో తెలిసీ చేయనివ్వని చోట పనిచేయడం ఎంత నిద్రపోయినా తీరని బాధ. ఆ అమ్మాయి గల్ఫుకో, ఇంగ్లండుకో, జర్మనీకో వెళ్ళాలని చూస్తే నేను తప్పుపట్టను.

ఇప్పుడు ఇళ్ళలో వింటున్న అత్తయ్యలకి, భర్తలకి ఒక మాట. నైటు చేసి వచ్చిన కోడలు పగలు పడుకుంటే బద్ధకమని అనుకోకండి. ఆమెకు అది అర్ధరాత్రి. గదికి ముదురు రంగు పరదా కట్టండి, ఫోను మీ దగ్గర పెట్టుకోండి, వచ్చినవాళ్ళతో మీరే మాట్లాడి పంపండి. వంట ఆ పూటకి మీరు చూసుకోండి. వీధిలో ఎవరికి సెలైన్ పెట్టాలన్నా ఆమె తలుపే తట్టే అలవాటు ఉంటుంది. మొహమాటానికి ఆమె కాదనలేదు, ఆమె బదులు మీరు కాదనవచ్చు. రెండు డ్యూటీలు చేసే మనిషికి రెండో డ్యూటీ మీ ఇంట్లో ఉందని గుర్తించగలిగితే చాలావరకు అక్కడే తేలికవుతుంది.

నర్సులతో నేరుగా. అమ్మాయిలూ, మగ నర్సులైన తమ్ముళ్ళూ, డ్యూటీలో నీళ్ళు తాగండి. బాత్రూముకు వెళ్ళే తీరిక ఉండదని నీళ్ళు మానేసి మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకున్నవాళ్ళు మనలో ఎందరో. నర్సింగ్ స్కూల్లో కలిసి చదివిన స్నేహితురాలికి వారానికొకసారైనా ఫోన్ చేయండి. వార్డు బాధ వార్డు మనిషికి చెప్పినట్టు ఇంకెవరికీ చెప్పలేం. సెలవు మిగుల్చుకోవడం గొప్ప కాదు, వాడుకోండి. హ్యాండోవర్ ఇచ్చాక మళ్ళీ వెనక్కెళ్ళి చూడకండి, తర్వాతి డ్యూటీ అమ్మాయి చదువుకున్నదే.

నిద్ర పట్టడం లేదని వార్డు స్టాకులోంచి మాత్ర తీసుకోవడం, సూది పొడుచుకోవడం ఎన్నడూ చేయకండి. మందు అందుబాటులో ఉండడమే మన వృత్తిలో పెద్ద ప్రమాదం. ఏ పనిలోనూ రుచి లేకుండా రెండు వారాలు గడిస్తే, చిన్నదానికే ఏడుపు వస్తుంటే, మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. మనం రోగులకు చెప్పే సలహా మనకూ పనికొస్తుంది. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పొద్దుటిదాకా ఆగకండి, ఆ రాత్రే పక్కనున్న మనిషికి చెప్పండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయకేంద్రం రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ లేదు. నైటు డ్యూటీ విరామంలోనైనా చేయవచ్చు. నంబరు చెబుతాను, రాసుకోండి, నర్సుల గదిలో గోడకు అంటించండి: 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.